పన్నెండు చుక్కలు, ఒకే గీత

కళ్ళాపి చల్లిన వెంటనే ముగ్గు పెట్టకూడదు. నీళ్ళు పైన నిలిచి ఉంటే పిండి వాటిని తాగేసి గీత ముద్దవుతుంది. అలాగని పూర్తిగా ఆరనిస్తే పిండి నేలని పట్టుకోదు, మొదటి గాలికే చెదిరిపోతుంది. తడి లోపలికి ఇంకి, పైన చెమ్మ మాత్రం మిగిలి, మట్టి రంగు ముదురుగా కనిపించే అదను ఒకటుంటుంది. చలికాలంలో అది కాస్త సాగుతుంది. ఎండాకాలంలో చీపురు మూల పెట్టి వచ్చేలోపే దాటిపోతుంది. మా అమ్మ ఆ అదనుని అరికాలితో కనిపెడుతుంది. చెప్పులు విడిచి వాకిట్లో ఒక్క అడుగు వేసి, "ఊఁ, ఇప్పుడు పెట్టొచ్చు" అంటుంది.

అమ్మకి 74 ఏళ్ళు. గుడివాడ దగ్గర మా ఊళ్ళో, అదే వాకిట్లో, కాపురానికి వచ్చిన మర్నాటి నుంచి ముగ్గు పెడుతోంది. పురుళ్ళకి పుట్టింటికి వెళ్ళిన నెలలూ, మైల రోజులూ, జ్వరాలూ తీసేసినా పదిహేను వేలకు తగ్గవు. వాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఏ రోజు ముగ్గు ఆ రోజు మధ్యాహ్నానికే సగం పోయేది. పాలబ్బాయి సైకిలు చక్రం కింద కొంత, బడిపిల్లల కాళ్ళ కింద కొంత. మిగిలిన సగం మర్నాడు అమ్మ చీపురు కిందే పోయేది. ఇంత పని చేసిన మనిషికి ఇదిగో ఇది నేను చేశాను అని చూపించడానికి వస్తువంటూ లేదు. ఆ పనితనాన్ని తీరిగ్గా కాగితం మీద పెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది.

దాన్ని నేను నిజంగా చూసింది 2020లో. పుట్టి పెరిగిన ఇంట్లో రోజూ కళ్ళముందు జరిగేది కనక అంతకుముందు చూడలేదు. ఆ మార్చిలో నాలుగు రోజులు ఉండి వద్దామని హైదరాబాదు నుంచి వెళ్ళాను. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. రెండు నెలలకు పైగా అక్కడే ఉండిపోయాను. నిద్ర పట్టేది కాదు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చి, ఫోను అందుకునేదాన్ని. ఎన్ని కేసులు, ఎంతమంది పోయారు, ఏ దేశంలో ఏమైంది. చదివేకొద్దీ గుండెదడ పెరిగేదే గాని నేను చెయ్యగలిగింది ఒక్కటీ కనిపించేది కాదు. ఒకరోజు చీకట్లో వాకిలి ఊడుస్తున్న చప్పుడు విని బయటికొచ్చాను. వీధిలో పురుగు లేదు. పండగలు లేవు, చుట్టాలు లేరు, ముగ్గు తొక్కడానికైనా మనిషి లేడు. అమ్మ మాత్రం వీధిదీపం వెలుగులో నడుం వంచి, రోజూ పెట్టేదానికన్నా పెద్ద మెలికల ముగ్గు పెడుతోంది. అరుగు మీద కూర్చుని చూశాను. ముగ్గు పూర్తయ్యేసరికి ఫోను ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు. మర్నాడూ వెళ్ళి కూర్చున్నాను. మూడో రోజు అమ్మ ముగ్గు గిన్నె నా చేతికిచ్చింది.

అప్పుడు తెలిసింది, అందులో ఎంత విద్య ఉందో.

ముందు పిండి. మా వైపు బండి మీద అమ్మకానికి వచ్చేది ముగ్గురాయిని దంచి జల్లించిన తెల్లటి రాతిపొడి. మరీ మెత్తగా ఉంటే వేళ్ళకి అంటుకుని, ఒకసారి పడక, ఒకసారి గుప్పున పడుతుంది. మరీ బరకగా ఉంటే గీత అంచు నిక్కచ్చిగా రాదు. అమ్మ కొన్న పిండిని అలాగే వాడదు. సన్నటి ఇసుక జల్లించి చారెడు కలుపుతుంది. కలిపాక చిటికెడు తీసి గాలిలో వదిలి చూస్తుంది. తిన్నగా దారంలా దిగితే సరే, పొగలా లేస్తే ఇంకాస్త ఇసుక. పండగలకీ పూజలకీ బియ్యప్పిండి. అది చీమలకీ పిచ్చికలకీ ఆహారమవుతుందని అమ్మకి ఇష్టం. దేవుడి గూటి ముందు మాత్రం బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, ఉంగరం వేలితో తడిముగ్గు. ఆరాక అది మరింత తెల్లబడుతుంది.

తర్వాత చిటిక. ఇక్కడే నేను వారం రోజులు ఆగిపోయాను. చూపుడు వేలూ మధ్యవేలూ కలిసి కింద దోనెలా నిలవాలి. బొటనవేలు పైన ఉండి, పిండిని కొద్దికొద్దిగా ముందుకు తోస్తూ ఆ దోనె అంచు దాటించాలి. చెయ్యి నేలకి రెండంగుళాల ఎత్తులో నడవాలి. ఇంకా ఎత్తితే పిండి పరుచుకుని గీత వెడల్పవుతుంది, ఇంకా దించితే ముందు వేసిన గీతకి వేళ్ళు తగిలి చెరుగుతుంది. చెయ్యి నడిచే వేగమూ, బొటనవేలు తోసే వేగమూ ఒకటికావాలి. చెయ్యి మందగిస్తే గీత లావెక్కుతుంది, తొందరపడితే తెగుతుంది. నా గీత మొదట్లో తెగిన పూసలదండలా పడేది. భయంతో మలుపు దగ్గరికి రాగానే చెయ్యి ఆపేదాన్ని, అక్కడ గుట్ట పడేది. నాలుగు రోజులు ఊరుకుని చూసిన అమ్మ అయిదో రోజు ఒకే మాట చెప్పింది. "చెయ్యి ఆపకమ్మా, వేలు బిగించు." అంటే నడక ఆగకూడదు, ధార మాత్రం మన చేతిలో ఉండాలి. నాకు ఎవరు ఏ పని నేర్పినా ఇంత క్లుప్తంగా, ఇంత సరిగ్గా చెప్పలేదు.

అమ్మ చెయ్యి చూస్తే ఆ మాట అర్థమవుతుంది. మెలికల ముగ్గులో గీత తన మీంచి తనే ఎన్నోసార్లు దాటుతుంది. దాటిన ప్రతిచోటా పిండి మీద పిండి పడి బుడిపె కట్టాలి. అమ్మ ముగ్గులో కట్టదు. దాటబోయే చోట బొటనవేలు రెప్పపాటు బిగుస్తుంది, ధార సన్నబడుతుంది, చెయ్యి అదే వేగంతో అవతలికి పోతుంది. అక్కడ గీత మందం మిగతా గీత మందమే. వంగి దగ్గర్నుంచి చూసేవాళ్ళకి తప్ప ఇది ఎవరికీ తెలియదు. వంగి చూసేవాళ్ళు యాభై ఏళ్ళలో ఎవరైనా వచ్చారా అంటే అనుమానమే. అయినా ఆ వేలు ప్రతిసారీ బిగిసింది.

ఆమె ఒకేసారి రెండు గీతలు కూడా వెయ్యగలదు. రెండు వేళ్ళ మధ్య కాస్త ఎడం ఇచ్చి, రెండు సందుల్లోంచి రెండు ధారలు వదులుతుంది. జంట గీత మలుపు తిరిగేటప్పుడు లోపలి గీతకి దారి తక్కువ, బయటి గీతకి ఎక్కువ. అందుకని లోపలి వైపు పిండి కాస్త తగ్గించి వదలాలి. ఇది నాకు ఇప్పటికీ రాలేదు.

చుక్కల సంగతి వేరు. వాటికి వేలి నైపుణ్యం కన్నా కంటి నిలకడ ముఖ్యం. ముందు నడిమి వరుస, తర్వాత అటూ ఇటూ. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. మా చిన్నప్పుడు సంక్రాంతికి వారపత్రికల్లో వచ్చే ముగ్గుల కింద "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు" అని ఒక్క ముక్క ఉండేది. సందు చుక్క అంటే పై వరుస చుక్క కింది రెండు చుక్కల నడుమ పడటం. నడుమ 15, రెండు వైపులా 14, 13, 12 అంటూ 8 దాకా దిగితే ఆరు అంచుల ఆకారం వస్తుంది. మొత్తం 169 చుక్కలు. ఎదురు చుక్క అయితే చుక్కకి సూటిగా చుక్క. అదే 15ని రెండేసి తగ్గించుకుంటూ 1 దాకా తెస్తే మూల మీద నిలబెట్టిన పలకలా 113 చుక్కలు. ఈ మొత్తాలు అమ్మ ఎప్పుడూ కూడలేదు. గిన్నెలో ఎంత పిండి ఉంటే ఏ ముగ్గు పూర్తవుతుందో మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఇక ఆమె నిత్యం పెట్టే ముగ్గు. నాలుగేసి చుక్కలు మూడు వరుసలు, ఎదురు చుక్క. మెలికల ముగ్గు. కొన్నిచోట్ల తిప్పుడు ముగ్గంటారు. గీత ఏ చుక్కనీ తాకదు. రెండు చుక్కల నడిమి నుంచి ఏటవాలుగా దూరుతుంది, అంచు చేరాక గుండ్రంగా తిరిగి, మళ్ళీ ఏటవాలుగా లోపలికొస్తుంది. పక్కపక్క చుక్కల నడుమ అలా 17 కూడళ్ళు. ఒక్కో కూడలిని రెండేసి సార్లు దాటి, పన్నెండు చుక్కలకీ పన్నెండు గదులు కట్టి, చివరికి ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడికే వచ్చి మూసుకుంటుంది. మధ్యలో చిటిక నింపుకోవడానికి తప్ప చెయ్యి లేవదు. ఒకే గీత.

నాలుగేసి చుక్కలు నాలుగు వరుసలు పెట్టి నేనొకరోజు ఇలాగే మొదలుపెట్టాను. ఎనిమిది మలుపులైనా తిరక్కుండానే గీత మూసుకుపోయింది. చూస్తే సగం కూడళ్ళు ఇంకా ఖాళీ. అన్నీ నింపేసరికి నాలుగు వేరు వేరు గీతలయ్యాయి. అమ్మ చూసి, "నాలుక్కి నాలుగు మొండిదే, కలవదు. మూడుకి నాలుగు కలుస్తుంది, నాలుక్కి అయిదు కలుస్తుంది, మూడుకి ఆరు కలవదు" అంది. గణితం తెలిసినవాళ్ళు దీన్నే ఇంకోలా చెబుతారు. వరుసల సంఖ్యకీ, వరుసలోని చుక్కల సంఖ్యకీ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని. 3, 4లకి ఒకటి. 4, 4లకి నాలుగు. 3, 6లకి మూడు. బడిలో అయిదో తరగతితో ఆగిన మా అమ్మకి ఈ సూత్రం వేళ్ళలో ఉంది.

మొండిదాన్ని కలిపే ఉపాయం కూడా ఆమెకు తెలుసు. రెండు వేరు గీతలు ఒకదాన్నొకటి దాటే కూడలి చూసుకుని, అక్కడ దాటనివ్వకుండా రెంటినీ వెనక్కి మళ్ళిస్తుంది. అంతే, రెండు గీతలూ ఒకటైపోతాయి. నాలుగు గీతల ముగ్గుకి ఇలాంటి మళ్ళింపులు మూడు చాలు. నేల మీద ముగ్గుగా చూసేవాళ్ళకి ఆ మళ్ళింపు ఒక సొగసైన వంపులా కనిపిస్తుంది. నిజానికి అది విడిపోయినవాటిని కలిపిన చోటు.

ఈ విద్యని పండితులు పట్టించుకోలేదనుకోకూడదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరొమొనీ, రాణి సిరొమొనీ దంపతులు, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో తమిళ ముగ్గుల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కంప్యూటరుకి బొమ్మల వ్యాకరణం నేర్పడం అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. ముగ్గులో చిన్న రూపం నుంచి పెద్ద రూపం ఎలా పెరుగుతుందో దాన్ని వ్యాకరణ సూత్రాలుగా రాశారు. అమెరికా గణితజ్ఞురాలు మార్షియా ఆషర్ 2002లో ముగ్గుల సంప్రదాయం గురించి విపులంగా రాశారు. ఆఫ్రికాలో అంగోలాకి చెందిన చోక్వే జాతివాళ్ళు ఇసుకలో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ వేలితో ఒకే గీత తిప్పుతూ కథలు చెప్పేవారు. అక్కడ అది మగవాళ్ళ విద్య. మొజాంబిక్‌లో పనిచేసిన పౌలుస్ గెర్డెస్ ఆ బొమ్మల గణితాన్ని ఏళ్ళ తరబడి తవ్వి తీశారు. ఎక్కడి అంగోలా, ఎక్కడి గుడివాడ! ఈ సంగతి అమ్మకి చెబితే ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "వాళ్ళ నేల ఇసకైతే కళ్ళాపి ఎట్లా చల్లుతారే?"

పనితనం గురించి చెబుతూ మనసు సంగతి వదిలేస్తే సగమే చెప్పినట్టు. మెలికల ముగ్గు తిప్పేటప్పుడు మొత్తం ముగ్గుని ఒకేసారి మనసులో పట్టుకోవడం కుదరదు. పట్టుకోబోతే తప్పిపోతాం. తర్వాతి రెండు చుక్కల నడిమి సందు ఒక్కటే చూడాలి. అది దాటాక ఆ తర్వాతిది. వేలు బిగించిన చోట ఊపిరి కూడా తెలియకుండానే బిగుస్తుంది, గుండ్రటి మలుపులో వదులుతుంది. పావుగంటసేపు ఈ లెక్కలో నడిచిన ఊపిరి ముగ్గయ్యాక కూడా కాసేపు అలాగే నడుస్తుంది. ఆ ఏప్రిల్‌లో నా గుండెదడకి దొరికిన మొదటి విరామం అదే. వార్తలు మారలేదు. మా బంధువుల్లో ఇద్దరు ఆస్పత్రిలోనే ఉన్నారు. కానీ ఆ రోజుకి నా చేతుల్లో మొదలై నా చేతుల్లోనే పూర్తయిన పని ఒకటి వాకిట్లో ఉండేది. మిగతా పనులన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఎప్పటికి పూర్తవుతాయో తెలియని రోజుల్లో, మూసుకున్న ఆ గీతని కాఫీ తాగుతూ చూసుకునేదాన్ని.

అమ్మకి ఈ విషయం నాకన్నా ముందే తెలుసేమో. ఎన్నడూ మాటల్లో చెప్పలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన తర్వాత ఊరి వీధుల్లో నీళ్ళు తీసి, బురద ఆరిన మొదటి రోజే అత్తగారు వాకిట్లో నాలుగు గీతలైనా పెట్టమన్నారని, పిండి తడిసిపోతే సున్నంతో పెట్టానని మాత్రం ఒకసారి చెప్పింది.

పిండి నేల మీద పడ్డాక మరి వెనక్కి తీసుకునేది లేదు, రబ్బరుతో తుడిచే వీల్లేదు. తప్పు గీత మీద కాలు రాస్తే అక్కడ మరక మిగులుతుంది. అమ్మ తప్పుని చెరపదు. పక్కకు జరిగిన గీతని అలాగే పొడిగించి రేకు చేస్తుంది. నాలుగు వైపులా అలాంటి రేకులే ఇంకో మూడు వేస్తుంది. అవి అక్కడ ఉండటానికే పుట్టినట్టుంటాయి. ఆ రేకులున్న రోజు ముగ్గు నాకు మరీ ముచ్చటగా అనిపించేది.

ముగ్గు వీధికి రాసే ఉత్తరం కూడా. పొద్దున్నే వాకిట్లో తెల్లటి గీత కనిపించిందంటే ఆ ఇంట్లో అందరూ కులాసా అని. తద్దినం నాడు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ముగ్గు ఉండదు. వీధివాళ్ళు ఆ ఖాళీ నేలని చూసి, ఏమీ అడక్కుండానే గొంతు తగ్గించి మాట్లాడతారు. 2020లో, ఆ తర్వాతి ఏడు ఇంకా ఎక్కువగా, మా వీధిలో పొద్దున్నే లేచి అందరూ ముందు చూసింది ఎదుటివాళ్ళ వాకిలినే. ఫలానా ఇంటి ముందు ముగ్గు పడింది. హమ్మయ్య.

హైదరాబాదులో మా ఫ్లాటు ముందు మూడడుగుల నాపరాయి ఉంది. ఇక్కడి పాతబస్తీ ఇళ్ళల్లో సాన్పు, అంటే కళ్ళాపి, చల్లడం చూశాను గాని, మా అయిదో అంతస్తులో పేడ నీళ్ళు కుదరవు. చాలా గడపల ముందు ప్లాస్టిక్ ముగ్గులు అంటించి ఉంటాయి. వాటిని తప్పుపట్టను. ఆ ఇళ్ళల్లో ఎవరికి ఎంత తీరిక ఉందో నాకు తెలియదు. కానీ అంటించిన ముగ్గు చూసేవాళ్ళకే ఇంత ఆనందాన్నిస్తుంది, పెట్టేవాళ్ళకి దక్కాల్సిన పావుగంట దానిలో లేదు. నేను తడిగుడ్డతో రాయి తుడిచి, చెమ్మ ఆరకముందే మూడు వరుసలు నాలుగేసి చుక్కలు పెడతాను. ఫోను లోపలే ఉంటుంది.

పండక్కి మాత్రం ఊరికే వెళ్తాను. ధనుర్మాసంలో నెలగంట పెట్టిన రోజు మొదలైన ముగ్గులు పెరిగి పెరిగి, భోగికి వాకిలి పట్టక వీధిలోకి వస్తాయి. గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు, నడుమ పసుపూ కుంకుమా. కనుమ నాడు రథం ముగ్గు. చక్రాలు, గోపురం అన్నీ అయ్యాక, రథానికి తాడు గీసి, ఆ తాడుని పక్కింటి రథం దాకా లాగి కలపాలి. వాళ్ళు ఆ పక్కింటికి కలుపుతారు. వీధి మొత్తానికి ఒకే తాడు. మా పక్కింటి పిన్నిగారిని మూడేళ్ళ క్రితం వాళ్ళబ్బాయి డాలస్ తీసుకెళ్ళాడు. ఇల్లు తాళం వేసి ఉంది.

ఈ కనుమకి అమ్మకి మోకాళ్ళు సహకరించలేదు. రథం నేనే వేశాను. ఆమె కుర్చీలో కూర్చుని చక్రం చిన్నదైందని ఒకసారి, తాడు వంకర పోతోందని ఒకసారి అంది. తాడు మా గోడ చివరికొచ్చి ఆగింది. అవతల తాళం వేసిన గేటు, మూడేళ్ళుగా ఎవరూ ఊడవని నేల. అమ్మ కుర్చీలోంచి లేచి, చీపురు తీసుకుని అటు నడిచింది. వద్దన్నా వినలేదు. ఆ గేటు ముందు ఊడ్చి, చెంబుతో నీళ్ళు చల్లి, చెప్పులు విడిచి ఒక అడుగు వేసి చూసింది.

"ఊఁ, ఇప్పుడు పెట్టొచ్చు" అని గిన్నె ఇటు ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది.